ముందు వాకిట్లో మూడుచక్రాల బళ్లు

చీజు పలకలు తిరగేసేటప్పుడు మాట్లాడకూడదని రూలేమీ లేదు. కానీ ఎవరూ మాట్లాడరు. పొడవాటి స్టీలు తొట్టిలోంచి పాల విరుగుడు నీళ్లు కారిపోయాక అడుగున తెల్లటి ముద్ద మిగులుతుంది. దాన్ని కత్తితో దిండ్లంత పలకలుగా కోస్తారు. ఒక్కో పలకా ఎత్తి బోర్లా వేయాలి. కాసేపాగి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మళ్లీ తిరగేయాలి. తొట్టికి అటో మనిషి, ఇటో మనిషి. చేతులు మోచేతుల దాకా వెచ్చగా ఉంటాయి, రబ్బరు బూట్లలో కాళ్లు మాత్రం చల్లబడిపోతాయి.

లీయాన్ ఇటుపక్క, వెర్లిన్ అటుపక్క. వెర్లిన్ ఈ తొట్ల మధ్యే ముసలివాడయ్యాడు. పలక ఎత్తితే దాని అంచు కూడా చిట్లదు.

"ఆఫీసు పిల్ల పిలుస్తోంది," అన్నాడు తల ఎత్తకుండానే.

గాజు కిటికీ అవతల నిలబడి కెండ్రా చెయ్యి ఊపుతోంది.

"నన్నేనా, బాబాయ్?"

"నాకు చెయ్యూపేంత ఖర్మ ఆ పిల్లకేం పట్టింది? నిన్నే. వెళ్లు, నీ పలకలు నేను చూస్తాలే."

లీయాన్ చేతులు కడుక్కుంది. తలకున్న వల తియ్యకుండానే ఆఫీసు గుమ్మంలో నిలబడింది. బూట్లు తడి. లోపల తివాచీ ఉంది. కెండ్రా రమ్మన్నా గడప దాటలేదు.

"పిల్లల సంరక్షణ ఖాతా గురించండీ," అంది కెండ్రా. వయసులో చిన్నదే. మాట మెత్తగా ఉంటుంది. "పన్ను పడకముందే జీతంలోంచి కొంత పక్కన పెడతాం కదా, పాపని చూసుకునేవాళ్ల ఖర్చుకని. పోయిన ఏడాదంతా మీకు కట్ అయింది. మీరు ఒక్క డాలరు కూడా వెనక్కి తీసుకోలేదు."

"వస్తుందిగా అదే?"

"అదే ఎలా వస్తుందండీ?"

లీయాన్ తలుపు చెక్క పట్టుకుంది. "మా అమ్మ బ్యాంకులో క్రిస్మస్ పొదుపు వేసేది. వారం వారం కట్టేది. పండగ ముందు చెక్కు ఇంటికొచ్చేది, అడక్కుండానే. ఇదీ అంతే అనుకున్నా. పండక్కి రాలేదు. పన్నుల లెక్కలయ్యాక పంపుతారేమోలే అనుకున్నా."

కెండ్రా నవ్వలేదు. నవ్వి ఉంటే లీయాన్‌కి తేలిగ్గా ఉండేది.

"మీరే అడగాలండీ. ఈ ఫారం నింపాలి. పాపని ఎవరు చూశారో వాళ్ల పేరు, అడ్రసు, వాళ్ల పన్ను నంబరు, సంతకం. శుక్రవారంతో గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఆ డబ్బు కంపెనీదైపోతుంది. నేను పెట్టిన రూలు కాదు."

లీయాన్ కాయితం అందుకుంది. తడి వేళ్ల ముద్ర దాని మూల మీద పడింది.

"ఆవిడ సంతకం పెట్టకపోతే?"

"అదీ ఫర్వాలేదు. అడిగాను, పెట్టలేదు అని రాసి, పేరూ అడ్రసూ ఇవ్వండి. మీ డబ్బు మీకొస్తుంది. ఆవిడ సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది."

ఇనప సామాన్ల కొట్టు మీద మేడలో లీయాన్ అద్దెకి అడిగిన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మెట్లు బయటినుంచి. ఎవరి వంటింట్లోంచీ నడిచి వెళ్లక్కర్లేదు. కొట్టు ముసలాయన శనివారం దాకా ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాడు. అడ్వాన్సుకీ మొదటి నెలకీ ఈ డబ్బు సరిపోతుంది. ఇంకెక్కణ్నుంచీ రాదు.

తొమ్మిదింటి విరామంలో ఆ సంగతంతా వెర్లిన్‌కి చెప్పింది. అతను రొట్టెముక్క నములుతూ విన్నాడు.

"ఆర్డిస్ పేరు కాయితం మీద పెడతావా?"

"పెడితే ఏం?"

"మా మనవలిద్దరూ ఆవిడ దగ్గరే పెరిగారు. మా అమ్మాయికీ ఆ ఖాతా పెట్టుకోమన్నారు. ఎందుకు పెట్టుకోలేదనుకున్నావ్? తెలివి తక్కువై కాదు. అది నా కూతురు, తెలివి తక్కువదే అనుకో, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు." డబ్బా మూతపెట్టాడు. "ఆర్డిస్‌కి తుంటి అరిగిపోయి నెలనెలా సర్కారు చెక్కు వస్తుంది. మందుల కార్డుంది. సంపాదనేమీ లేని మనిషని ఇస్తున్నారది. ఈస్టరెళ్లాక ఆ కార్డు మీదే తుంటి మారుస్తారు. నీ కాయితం అటు వెళ్లిందో..."

చీజు కోసే కత్తి లేదు చేతిలో. ఉత్త చెయ్యే బల్ల మీద అడ్డంగా గీసి చూపించాడు.

*

ఆర్డిస్ ఇల్లు కంకర రోడ్డు చివర. మంచు కరిగి పొలాలన్నీ బురద. రోడ్డు మీంచి చూస్తే పిల్లలున్న ఇల్లని ఎవరూ అనరు. ముందు వాకిట్లో ఒక్క బొమ్మ కనబడదు. చిన్న బట్ట ఒక్కటి కూడా తీగ మీద ఉండదు. మూడుచక్రాల బళ్లు, ఇసుకతొట్టి, ఉయ్యాల, అన్నీ వెనక షెడ్డు చాటున ఉంటాయి. వాళ్లు ఆడుకునేదీ అక్కడే, పొద్దెక్కినా ఎండ తగలని చోట. లీయాన్ రెండేళ్లుగా రోజూ ఆ వాకిలి దాటి వెళ్తోంది. వసారా శుభ్రంగా ఉంచుకునే మనిషి అనుకుందంతే.

తెల్లవారకముందే నిద్రలో ఉన్న కూతురు ఓపల్‌ని దుప్పటితో సహా తెచ్చి ఆ ఇంటి సోఫా మీద పడుకోబెట్టి ఫ్యాక్టరీకి పోతుంది. ఆ వేళకి తలుపు తీసే మనిషి చుట్టుపక్కల ఇంకొకరు లేరు. ఊళ్లో పిల్లల బడి తెరిచేసరికి లీయాన్ మొదటి తొట్టి పని సగం అయిపోతుంది.

శుక్రవారం శుక్రవారం వసారాలో ఫ్రీజరు మీద ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నోట్లు పెట్టి మూత వేస్తుంది. అందరూ అలాగే చేస్తారు. చేతికివ్వరు, ఎంతని అడగరు. డబ్బా పక్కన ఒక్కోసారి ఆ రోజు చీజు ముక్కల సంచీ కూడా పెడుతుంది, ఇంకా పళ్ల కింద కీచుమనేంత తాజావి. బిడ్డ ముడ్డి కడిగిన మనిషిని రసీదు అడగడం ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం వెళ్లేసరికి ఆర్డిస్ కుర్చీలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. కుడికాలు చాపి, ఎడమ మోకాలి మీద గిన్నె. ఓపల్, పోస్టాఫీసు అమ్మాయి కొడుకులు వెస్, వాడి తమ్ముడూ చెక్కుల్ని నేల మీద రోడ్డులా పేరుస్తున్నారు.

"కూర్చో పిల్లా. కాఫీ ఉంది."

"లేదమ్మా, వెళ్లాలి." లీయాన్ నిలబడే ఉంది. కోటు జేబులో కాయితం నాలుగు మడతలుగా ఉంది. "తుంటి ఎలా ఉంది?"

"ఉంది. దాని చోట అది ఉంది. మెట్లెక్కమంటే మాత్రం నన్ను తిడుతోంది." చెక్కు తెగకుండా పొడవుగా జారింది. "ఈస్టరెళ్లాక కొత్తది పెడతారంట. డాన్సుకి తీసుకెళ్తావా నన్ను?"

"తీసుకెళ్తా."

"నీ మొహం చూస్తే పాడె మోయడానికొచ్చినట్టుంది. నోట్లో ఏదో ఉంచుకున్నావ్. ఉమ్మెయ్."

"ఏం లేదు."

ఆర్డిస్ చాకు ఆపి చూసింది. ఆవిడ కళ్లు పిల్లల మీద ఎలా ఆగుతాయో పెద్దవాళ్ల మీదా అలాగే ఆగుతాయి. అబద్ధమాడితే తెలుసు, అయినా నీ అంతట నువ్వు చెప్పేదాకా చూస్తా అన్నట్టు. లీయాన్ వంగి ఓపల్ బూట్లు తొడిగింది. ఎడమది కుడికాలికి తొడిగింది. ఓపలే విప్పి మార్చుకుంది.

*

తమ్ముడి ఇంటి నేలమాళిగలో లీయాన్, ఓపల్ ఉంటారు. ఒక మంచం, బట్టలుతికే మిషను, గోడ పైన నేలమట్టానికి ఒక చిన్న కిటికీ. మిషను వేయడానికి మరదలు జోడీ ఎప్పుడైనా దిగివస్తుంది. తలుపు లేదు కాబట్టి తట్టదు.

ఆ సాయంత్రం భోజనం పైన, అందరూ కలిసి. జోడీ చికెన్ కలిపిన సేమ్యా పళ్లెం బల్ల మీద పెట్టింది.

"మేడ గదుల సంగతేమైంది వదినా?"

"శనివారం తేలుతుంది."

"తొందరేం లేదు. మేమేమైనా పొమ్మన్నామా? మీ తమ్ముడు బిలియర్డ్స్ బల్ల కొన్నాడు, అది షెడ్డులో తడుస్తోంది, అంతే. బల్లేగా. తడవనీ."

తమ్ముడు ట్రాయ్ పళ్లెంలోకి చూస్తూ తిన్నాడు. "జోడీ," అన్నాడు ఒక్కసారి.

"ఏమన్నాను? తడవనీ అన్నాను."

అప్పుడు బయట కంకర మీద కారు టైర్ల చప్పుడైంది. హెడ్‌లైట్ల వెలుగు వంటింటి గోడ మీద పాకింది. పక్కింటాయన, ట్రాయ్ దగ్గర నిచ్చెన తీసుకెళ్లడానికి వచ్చాడు. ట్రాయ్ లేచి వెళ్లాడు.

లీయాన్ పక్కకి తిరిగేసరికి కుర్చీలో ఓపల్ లేదు. కుర్చీ వెనక్కి జరగలేదు, చెంచా చప్పుడు చేయలేదు. పిల్ల తినే పళ్లెం కూడా బల్ల మీద లేదు.

"ఓపల్?"

జోడీ బల్లగుడ్డ ఎత్తింది. కింద, గోడవైపు, మోకాళ్లు గుండెలకి ఆనించుకుని ఓపల్ కూర్చుని ఉంది. పళ్లెం ఒళ్లో ఉంది. ఊపిరి కూడా వినబడటం లేదు. పెదవుల మీద వేలు పెట్టి తల్లికేసి చూసింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

ఓపల్ తల అడ్డంగా ఊపింది. కారు వెళ్లిపోయిన చప్పుడు వినబడ్డాక గాని నోరు తెరవలేదు.

"బూడిద కారు ఆటమ్మా. కారొస్తే మనం లేం. నేనే ఫస్టు. వెస్ ఎప్పుడూ దగ్గుతాడు."

జోడీ నవ్వింది. "అబ్బో, బంగారు ఆటే. మా ఇంట్లో కూడా నేర్పించు." లీయాన్ నవ్వలేదు. పిల్లని బల్ల కిందనించి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వీపు మీద చెయ్యి వేస్తే చిన్న గుండె ఇంకా దడదడలాడుతోంది. ఆటలో గెలిచిన పిల్ల గుండె అలా కొట్టుకోదు.

సరే. ఇంక మొహమాటమెందుకు, అనుకుంది. నా బిడ్డకి దొంగలా దాక్కోడం నేర్పిన మనిషిని సంతకం అడగడానికి నేనెందుకు సిగ్గుపడాలి?

*

గురువారం పని నుంచి నేరుగా వెళ్లింది. కాయితం మడతలు విప్పి, ఆర్డిస్ వంటింటి బల్ల మీద పరిచి పెట్టింది. ఆర్డిస్ అప్పుడే పొయ్యిలోంచి దాల్చినచెక్క కేకు తీసింది. చేతికి మందపాటి గుడ్డ చుట్టి ఉంది.

"ఇదేమిటి?"

"దీని సంగతి తర్వాత చెప్తా. ముందిది చెప్పండి ఆర్డిసమ్మా. నిన్న రాత్రి ఓపల్ బల్ల కింద దూరింది. కారు చప్పుడు విని. పళ్లెంతో సహా."

ఆర్డిస్ కేకు పళ్లెం పట్టుకునే నిలబడింది. ఏదో అనబోయింది. అంతలో మాట ఆగింది. తల కిటికీ వైపు తిరిగింది. లీయాన్‌కి ఇంకా ఏమీ వినబడలేదు.

పిల్లలకి వినబడింది. ముందుగదిలో చెక్క ముక్కలు బుట్టలో పడిన చప్పుడు, అంతే. వెస్ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ సాక్సు కాళ్లతో నడవా దాటారు. ఓపల్ వంటింట్లోకి వచ్చి, తలుపు వెనక కొక్కేనికున్న మూడు చిన్న కోట్లనూ ముక్కాలిపీట ఎక్కి తీసింది. ఒక చేత్తో అవి గుండెలకి హత్తుకుని రెండో చేత్తో తల్లి వేలు పట్టుకుంది.

"రా అమ్మా. నువ్వు కూడా."

లీయాన్ ఆర్డిస్‌కేసి చూసింది. ఆర్డిస్ ఆమెకేసి చూడలేదు. కేకు పళ్లెం తెచ్చి బల్ల మీద కాయితం పైన పెట్టింది. ఎప్రన్ సరిచేసుకుంది.

"కారు వెనక పెట్టాను," అంది లీయాన్. ఎందుకు అందో ఆమెకే తెలియదు.

"మంచిది. వెళ్లు."

వెనక గదిలో మంచానికీ గోడకీ మధ్య జాగా ఉంది. అక్కడ కంబళి పరిచి ఉంది. దాని మీద పిల్లలు కూర్చుని కూర్చుని పడిన గుంటలున్నాయి. ఎవరి గుంటలో వాళ్లు కూర్చున్నారు. లీయాన్‌కి చోటు లేదు. గోడకి వీపు ఆనించి, రబ్బరు బూట్లు ముడుచుకుని కూర్చుంది. కంబళికి ఓపల్ తల వాసన ఉంది.

తలుపు తెరుచుకుంది. మగగొంతు. ఆర్డిస్ చెక్కు సంగతి చూసే కౌంటీ ఆఫీసాయన, బూడిద కారు ఆయనదే.

"దాల్చినచెక్క వాసన రోడ్డు మీదకొస్తోందండీ."

"మీకోసమే చేశా అంటే నమ్మరుగా. కూర్చోండి."

కుర్చీ జరిగింది. కప్పులో కాఫీ పోసిన చప్పుడు. ఆ బల్ల ముందే కూర్చున్నాడు.

"ఆపరేషన్‌కి ముందు ఒకసారి ఇల్లు చూసి రమ్మన్నారు. ఎప్పుడూ అడిగేవే. ఒక్కరే ఉంటున్నారా?"

"ఇంకెవరుంటారు?"

"బయటి పనులేమైనా?"

"ఈ కాలేసుకుని?"

"ఆపరేషన్ అయ్యాక చూసుకోడానికి?"

"పిల్లి ఉంది. నాకన్నా బాగానే నడుస్తుంది."

ఆయన నవ్వాడు. కత్తి కేకులోకి దిగిన చప్పుడు, పళ్లెం బల్ల మీద కొంచెం జరిగిన చప్పుడు. పళ్లెం కింద ఆ కాయితం మీద పేరు గడి ఖాళీగానే ఉంది. కానీ పైన పెద్దక్షరాల్లో ఏముందో ఎవరైనా చదవగలరు.

"ఈ చేతితొడుగు చిన్నదే," అన్నాడాయన. హీటరు మీద ఆరేసినదేదో చూసి ఉంటాడు.

"చర్చి బజారుకి అల్లుతున్నా."

"ఒకటే ఉందే."

"రెండోది అయితేగా."

రెండోది వెస్ చేతికుంది. వాడు ఆ చేతిని మెల్లిగా చొక్కాలోకి దోపుకున్నాడు.

లీయాన్ కాలు తిమ్మిరెక్కింది. కదిపింది. రబ్బరు బూటు గోడకి రాసుకుని కీచుమంది. ఆమె నోట్లోంచి చిన్న శబ్దం రాబోయింది. అప్పుడు ఓపల్ మోకాళ్ల మీద లేచి, ఆ చిన్న అరచేతిని తల్లి నోటి మీద గట్టిగా మూసింది. కోపంగా లేదు. ఆట తెలియని కొత్త పిల్లని సర్దినట్టు సర్దింది. ఆ చేతికి బంగాళాదుంప వాసన ఉంది. కారు వెళ్లేదాకా తియ్యలేదు.

కారు వెళ్లాక కూడా పిల్లలు లేవలేదు. ఆర్డిస్ నడవాలోకి వచ్చి, "సూర్యుడొచ్చాడు," అంది. అప్పుడు లేచారు. ఎవరి కేకు ముక్క వాళ్లు తీసుకుని వెనక వాకిట్లోకి పోయారు.

ఆర్డిస్ బల్ల దగ్గర కూర్చుంది. పళ్లెం పక్కకి జరిపింది. కాయితం మీద వెన్న మరక గుండ్రంగా పడింది. కళ్లద్దాలు పెట్టుకుని మొదటినించీ చివరిదాకా చదివింది. గోడ ఫోను పక్కన దారానికి వేలాడే పెన్ను అందుకోవాలంటే లేవాలి. లేచింది. మళ్లీ కూర్చుంది. కూర్చునేటప్పుడు ఊపిరి బిగబట్టింది.

"నిన్నట్నించీ నోట్లో ఉంచుకున్నది ఇదా?"

"అవును."

"ఇది ఇస్తే నీ డబ్బు నీకిస్తారా?"

"ఇస్తారు."

"లేకపోతే?"

"కంపెనీకి పోతుంది."

"నువ్వు తొట్టి దగ్గర నడుం విరుచుకుని సంపాదించింది?"

లీయాన్ తల ఊపింది.

"పిల్లల్ని చూసుకున్నవారి పేరు," చదివింది ఆర్డిస్. "నాకు గడి బాగానే పెద్దదిచ్చారే." రాయడం మొదలుపెట్టింది. పొడవాటి పాత రాత, ఒక్కో అక్షరం ఆగి ఆగి.

"ఆర్డిసమ్మా, వద్దు. మీ తుంటి..."

"నా తుంటి నాకు తెలుసు. నొప్పికి అరిచేది నేను, నువ్వు కాదు." నంబరు కూడా రాసింది. "ఈ ఊళ్లో సగం మందికి చెంచా పట్టుకోడం నేను నేర్పా. ఒక్కడైనా నన్ను పనిచేసే మనిషన్నాడా? నేనే చెప్పుకోనివ్వలేదనుకో. ఇంకెవరుంటారు, ఇంకెవరుంటారు, అని అంటూనే ఉన్నా. ఇవాళ ఆ మాటంటున్నప్పుడు నువ్వు గోడ అవతల ఉన్నావ్. వేరుగా వినబడింది నాకు." సంతకం పెట్టింది. "వెస్‌గాడు మొన్న ఆదివారం చర్చి దగ్గర ఎవరిదో కారు చూసి బెంచీ కింద దూరాడంట. వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలా."

కాయితాన్ని లీయాన్ వైపు తోసింది.

"తీసుకెళ్లు. మేడ మీదకి పో. నీకో తలుపుండాలి, పిల్లకో తలుపుండాలి."

*

శుక్రవారం మొదటి తొట్టి విరుగుడు దిగేసరికి బయట ఇంకా బూడిద వెలుగే. కాయితం మధ్యాహ్నం రొట్టె పెట్టుకునే ప్లాస్టిక్ సంచీలో ఉంది. సంచీ చొక్కా లోపల ఉంది. వంగినప్పుడల్లా అది పొట్టకి గుచ్చుకుంటోంది.

వెర్లిన్ రెండుసార్లు అడగబోయి పలక తిరగేశాడు.

విరామంలో లీయాన్ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఈసారి కూడా గడప దాటలేదు.

"తెచ్చారా?" కెండ్రా మొహం వెలిగింది. నిజంగానే వెలిగింది. "మర్చిపోతారేమోనని పొద్దుట్నించీ చూస్తున్నా."

లీయాన్ చెయ్యి చొక్కా దగ్గరకి వెళ్లి ఆగింది.

"లేదు."

"సంతకం పెట్టలేదా? ఏం ఫర్వాలేదు, చెప్పాగా." కెండ్రా కంప్యూటరు వైపు తిరిగి వేళ్లు మీటల మీద పెట్టింది. "నేనే నింపేస్తా. ఆవిడ పేరు చెప్పండి."

వేళ్లు గాలిలో ఆగి ఉన్నాయి. గోళ్లకి లేత గులాబి రంగు. లీయాన్ ఆ వేళ్లనే చూస్తోంది. నోటి మీద ఒక చిన్న అరచెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది.

"పేరండీ?"

"ఎవరూ లేరు."

"అంటే?"

"నా బిడ్డని చూసేవాళ్లెవరూ లేరు. మా తమ్ముడూ వాళ్లే చూస్తారు. డబ్బులేం తీసుకోరు."

కెండ్రా తిరిగి చూసింది. "మరి ఖాతా ఎందుకు పెట్టుకున్నారండీ?"

"తెలియక."

కెండ్రా మొహంలో జాలి కనబడింది. బడికి సరిగా పోని మనుషుల మీద చదువుకున్న మంచివాళ్లు పడే జాలి. లీయాన్ దాన్ని పడనిచ్చింది. "ఈ ఏటికి కూడా కట్ అవుతోంది కదా, అది ఆపించడానికి ఇంకో ఫారం ఉంది," అంది కెండ్రా మెల్లిగా. లీయాన్ అక్కడే, తలుపు చెక్క మీద పెట్టి, ఆ ఫారం మీద సంతకం చేసింది.

తొట్టి దగ్గరకి వచ్చేసరికి ఆమెవైపు పలకలన్నీ తిరగేసి ఉన్నాయి.

"ఇచ్చావా?" అన్నాడు వెర్లిన్.

"అటు అంచు పట్టు బాబాయ్. జారుతోంది."

అతను అంచు పట్టాడు. పలక జారడం లేదు. ఇద్దరూ కలిసి ఎత్తి, అక్కర్లేకపోయినా ఇంకోసారి తిరగేశారు.

మధ్యాహ్నం ఇనప సామాన్ల కొట్టు మీదుగానే దారి. పైకి చూడకూడదనుకుంది. చూసింది. బయటి మెట్ల మీద మంచు పూర్తిగా కరిగిపోయి, కొత్తగా కడిగినట్టున్నాయి. ముసలాయన కొట్టు గుమ్మంలో నిలబడి చెయ్యెత్తాడు. లీయాన్ కారు ఆపకుండా చెయ్యెత్తింది. శనివారం రానని చెప్పడానికి ఫోను చేస్తే చాలు.

కంకర రోడ్డు మలుపు తిరగ్గానే ఆమె కాలు బ్రేకు మీద పడింది. దారి తప్పానేమో అనుకుంది.

ఆర్డిస్ ఇంటి ముందు వాకిట్లో, రోడ్డుకి ఎదురుగా, మూడుచక్రాల బళ్లు ఉన్నాయి. ఎర్రదీ, నీలందీ, చక్రం వంకరపోయిన పాతదీ. తీగ మీద చిన్న లాగులు, చిన్న సాక్సులు, చేతితొడుగులు జతకి జత. కరిగిన గడ్డి మీద ఎండ పడుతోంది. పోస్టాఫీసు పిల్లలు గొంతు చించుకుని అరుస్తూ మెయిల్‌బాక్సు చుట్టూ తిరుగుతున్నారు. ఓపల్ ఎర్ర బండి మీద ఉంది. పిల్ల అంత గట్టిగా అరవగలదని లీయాన్‌కి ఇవాళే తెలిసింది.

ఆర్డిస్ వసారా మెట్టు మీద, కాలు చాపి, కోటు గుండీలు విప్పుకుని కూర్చుని ఉంది.

"ఏంటా చూపు? దిగు," అని అరిచింది. "ఎలాగూ దొరికిపోయాను కదా, కాస్త ఎండైనా తగలనీ అనుకున్నా. ఇటుపక్క ఎండ ఎంత బాగుంటుందో మర్చేపోయా. పొద్దున రెండు కార్లు పోయాయి. ఒకటి ఆగి చెయ్యూపింది కూడా. వెస్‌గాడు దాక్కోబోయాడు. ఉండరా, నువ్వు ఉన్నావురా అన్నా."

లీయాన్ దిగింది. తలుపు మూయలేదు.

"ఇచ్చేశావుగా?"

ఓపల్ బండి దిగి పరుగెత్తుకొచ్చి తల్లి కాళ్లని పట్టుకుంది. ముక్కు ఎర్రగా ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మళ్లీ పరుగెత్తి బంతి దగ్గరకి పోయింది.

"లీయాన్. ఇచ్చేశావుగా?"

లీయాన్ రోడ్డు వైపు చూసింది. రెండు వైపులా చూసింది. ఎర్ర బండి దగ్గరకి వెళ్లి హ్యాండిల్ పట్టుకుని ఎత్తింది. అనుకున్నంత తేలిక కాదు. వంగినప్పుడు చొక్కా లోపలి ప్లాస్టిక్ సంచీ పైకి జారి, గుండీల మధ్యనించి దాని మూల బయటికొచ్చింది. లోపల మడతపెట్టిన కాయితం, వెన్న మరక పైకి కనబడుతూ.

ఆర్డిస్ చూసింది. చాలాసేపు చూసింది. మొహం మీద ఎండ అలాగే ఉంది.

"పిచ్చిముండా," అంది. తిట్టులా లేదు. "నిన్నెవరు అడిగారు?"

లీయాన్ బండి మోసుకుంటూ ఇంటి పక్కగా వెనక్కి వెళ్లింది. షెడ్డు చాటున పాత చోట దించింది. అక్కడ నేల ఇంకా గడ్డకట్టే ఉంది. తిరిగి వచ్చేసరికి ఆర్డిస్ స్తంభం పట్టుకుని లేచి నిలబడి ఉంది. తీగ దగ్గరకి కుంటుకుంటూ వెళ్లింది. క్లిప్పులు ఒక్కొక్కటే తీసి నోట్లో పెట్టుకుంటూ, చిన్న సాక్సుల్ని భుజం మీద వేసుకోవడం మొదలుపెట్టింది.

"బూడిద కారొస్తోందా అమ్మా?" అంది ఓపల్.

"లేదు."

"మరి?"

లీయాన్ నీలం బండి ఎత్తింది. ఓపల్ తల్లి మొహం చూసింది, ఆర్డిస్ మొహం చూసింది. వెస్‌నీ వాడి తమ్ముణ్నీ చూసి పెదవుల మీద వేలు పెట్టింది. అరుపులు ఆగిపోయాయి. తర్వాత ఎవరూ చెప్పకుండానే వాకిట్లో పడి ఉన్న బంతి తీసి, కోటు కింద దాచుకుని, గోడ పక్కగా, చప్పుడు కాకుండా నడిచి వెళ్లింది.